కీప్యాడ్ ఫోన్‌లో వైద్యం: రువాండాలో నేను చూసింది

“స్మార్ట్‌ఫోన్ కూడా లేని ఆఫ్రికా పల్లెల్లో ఫోన్ వైద్యం నిజంగా నడుస్తుందా, అంతా ప్రచారమేనా?” అని అడిగారు. ఆఫ్రికా మొత్తం సంగతి నేను చెప్పలేను. 2018 నుంచి నాలుగేళ్లు దక్షిణ రువాండాలోని హుయేలో కాలేజీలో పాఠాలు చెప్పాను. అక్కడ చూసిందే చెబుతాను.

నడిచింది. అదీ కీప్యాడ్ ఫోన్ల మీదే. బాబిల్ అనే సర్వీసు 2016లో మొదలైంది. స్టార్ 811 హాష్ కొట్టి, గుర్తింపు కార్డు నంబరుతో నమోదు చేసుకునేవాళ్లు. ముందు నర్సు మాట్లాడేది, అవసరమైతే డాక్టరుకు కలిపేవారు. మందులకో, పరీక్షకో మెసేజ్‌లో ఒక కోడ్ వచ్చేది. దాన్ని మందుల షాపులోనో ల్యాబ్‌లోనో చూపించడమే. నెట్ అక్కర్లేకపోయేది. దాని లండన్ మాతృసంస్థ బాబిలాన్ తన ఏఐ గురించి ఊదరగొట్టేది కానీ, నాకు కనిపించినంతవరకు జనానికి పనికొచ్చింది మామూలు ఫోన్ కాలే.

మా ఇంట్లో వంట చేసే ఆవిడకు ఒకసారి మూత్రంలో మంట. హెల్త్ సెంటర్‌కు వెళ్లమంటే వెళ్లదు. దూరమని కాదు, బెంచీ మీద కూర్చునేవాళ్లంతా తెలిసినవాళ్లే, ఏమైందని ఆరా తీస్తారని. చివరికి మా పెరట్లో ఒక మూల నిలబడి, గుసగుసగా పావుగంట మాట్లాడింది. డాక్టరు కూడా ఆడమనిషే అని తర్వాత సంతోషంగా చెప్పింది.

చిక్కు ఆ తర్వాత వచ్చింది. ఫోన్ వాళ్లాయనది. కోడ్ వచ్చేసరికి అది ఆయన జేబులో, ఆయన పొలంలో! ఎవరికీ తెలియకూడదనుకున్న సంగతి ముందు ఆయనకే తెలిసింది. మర్నాడు వెళ్లిన మొదటి షాపులో ఆ మందు లేదు, రెండో చోట దొరికింది. మా వాచ్‌మన్‌ది ఇంకో గోల. ఇంట్లో కరెంటు లేదు, ఫోన్ చార్జింగ్‌కి కొట్లో ఇచ్చేవాడు. డాక్టరు తిరిగి ఫోన్ చేసే టైముకి అది స్విచాఫ్.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. అక్కడ చాలామందికి మిటువేలి అనే ప్రభుత్వ ఆరోగ్య బీమా ఉంది. 2020 మార్చిలో బాబిల్ ప్రభుత్వంతో పదేళ్ల ఒప్పందం చేసుకుంది, ఫోన్ వైద్యాన్ని ఆ బీమాతో కలిపారు. అదే నెలలో లాక్‌డౌన్ వచ్చి మోటో టాక్సీలు, అంటే బైకు టాక్సీలు కూడా ఆగిపోయాయి. మా చుట్టుపక్కల 811 బాగా అలవాటైంది అప్పుడే. నమోదైనవాళ్లు 20 లక్షలు దాటారు. అప్పటి దేశ జనాభా సుమారు కోటీ ముప్పై లక్షలే అని గుర్తుపెట్టుకోండి.

కానీ పదేళ్లు నడవలేదు. 2023లో బాబిలాన్ దివాలా తీసింది, దానితోపాటు రువాండా సర్వీసూ మూతపడింది. మన 104 కూడా బయటి సంస్థ చేతిలోనే పుట్టింది కాబట్టి నేను ప్రైవేటును తిట్టను. అయితే సర్వీసంతా ఎక్కడో ఉన్న మాతృసంస్థ మీద ఆధారపడటం మాత్రం నాకు నచ్చలేదు. మీరు ప్రాజెక్టు కోసం అడుగుతుంటే, యాప్ ఎలా ఉందని కాదు, కంపెనీ పోతే మర్నాడు ఫోన్ ఎవరెత్తుతారని చూడండి.

మూతపడ్డాక ఒకసారి మా వంటావిడకు ఫోన్ చేసి, ఇప్పుడేం చేస్తున్నావని అడిగాను. హెల్త్ సెంటర్‌కే వెళ్తోందట. వాళ్ల ఊరిది కాదు, ఎవరూ గుర్తుపట్టని పక్క ఊరిది. మోటోకి డబ్బులు పెట్టుకుని మరీ.