కారణం ఒక్కటే, ఒకచోట 'ఫర్', ఒకచోట 'ఆఫ్' ఎందుకు?

ప్రశ్న: టీచర్ గారూ, మాది మదనపల్లె. వైట్‌ఫీల్డ్‌లో ఒక ఆఫీసులో కస్టమర్ సపోర్ట్ చేస్తున్నాను. మొన్న మెయిల్‌లో 'రీజన్ ఆఫ్ ద డిలే' అని రాస్తే మా మేనేజర్ 'ఫర్' అని దిద్దారు. మర్నాడు జాగ్రత్తపడి 'కాజ్ ఫర్ ద డిలే' అని రాశాను. దాన్ని 'ఆఫ్' చేశారు. రెండూ కారణమే కదా? 'ఇంక్రీజ్' తర్వాత 'ఇన్' రాయాలా, 'ఆఫ్' రాయాలా అన్నదీ తెలియడం లేదు. మెయిల్ పంపాలంటేనే టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు, మారతహళ్లి, బెంగళూరు

జవాబు: అమ్మా, మీ మేనేజర్ రెండుసార్లూ సరిగ్గానే దిద్దారు. అలాగని మీ ఇంగ్లిష్ బలహీనమని అనుకోకండి. చిక్కు మన 'కి' దగ్గర ఉంది. సమస్యకి పరిష్కారం, ప్రశ్నకి జవాబు, బియ్యానికి గిరాకీ, ఆలస్యానికి కారణం: అన్నిటికీ మనకి ఆ ఒక్క 'కి' చాలు. ఇంగ్లిష్‌లో అవే సొల్యూషన్ టు, ఆన్సర్ టు, డిమాండ్ ఫర్, కాజ్ ఆఫ్ అవుతాయి. బెంగళూరులోనే హైస్కూల్లో 31 ఏళ్లు పాఠం చెప్పాను. కన్నడ పిల్లలు 'ఇదక్కె కారణ' అనేవాళ్లు, తమిళ పిల్లలు 'ఇదర్కు కారణం' అనేవాళ్లు. మన పిల్లలతో పాటు వాళ్లూ సరిగ్గా ఇక్కడే తడబడేవాళ్లు.

ఇక మీ రెండు మాటలు. సర్వర్ ఆగిపోయింది, అందువల్ల ఆలస్యమైంది. ఆలస్యాన్ని పుట్టించింది సర్వర్, కాబట్టి అది 'కాజ్ ఆఫ్ ద డిలే'. కస్టమర్ 'ఎందుకు ఆలస్యం?' అని అడిగితే మీరిచ్చే వివరణ 'రీజన్ ఫర్ ద డిలే'. అయితే 'దేర్ ఈజ్ నో కాజ్ ఫర్ అలార్మ్' అని కూడా మీరు చదివే ఉంటారు. అదీ తప్పు కాదు. అక్కడ 'కాజ్' అంటే పుట్టించినది కాదు, 'కంగారు పడాల్సిన పని లేదు' అన్న అర్థం. అర్థం మారింది కాబట్టి ప్రిపోజిషన్ (ఫర్, ఆఫ్, టు, ఇన్ లాంటి చిన్న మాట) కూడా మారింది. నాకు ఈ మాటంటే చాలా ఇష్టం, క్లాసులో దీనికోసమే ఒక పీరియడ్ పెట్టుకునేదాన్ని.

'ఇంక్రీజ్' సులువు. ఏది పెరిగిందో దానికి 'ఇన్', ఎంత పెరిగిందో దానికి 'ఆఫ్'. మీ పీజీ అద్దె 9,000 నుంచి 9,500 అయిందనుకోండి: 'యాన్ ఇంక్రీజ్ ఆఫ్ 500 రుపీస్ ఇన్ ద రెంట్'. 'ధరల్లో పెరుగుదల' అనే మన 'లో' ఇక్కడ అచ్చంగా సరిపోతుంది. కానీ ప్రతిచోటా దాన్ని నమ్మలేం. మనకి సంగీతం మీద ఆసక్తి, వాళ్లకి 'ఇంట్రెస్ట్ ఇన్ మ్యూజిక్'.

ఇంకో సంగతి. నామవాచకానికి ఉన్న ప్రిపోజిషన్‌ని క్రియకి తగిలించకండి. 'ఎ రిక్వెస్ట్ ఫర్ లీవ్' సరే, 'ఐ రిక్వెస్ట్ ఫర్ లీవ్' తప్పు. 'ఎ డిస్కషన్ అబౌట్ ద బిల్' సరే, 'వుయ్ డిస్కస్డ్ అబౌట్ ద బిల్' తప్పు. ఆఫీసు మెయిళ్లలో నాకు ఎక్కువగా కనిపించేవి ఈ రెండే.

డిక్షనరీలో అర్థం చూసి మూసేయకండి, ఆ మాట పక్కన ఏ ప్రిపోజిషన్ ఉందో కూడా చూడండి. జపాన్‌లో ఇంగ్లిష్ నేర్పిన హార్న్‌బీ, పరాయి భాషవాళ్లకి మాటని వాక్యంలో ఎలా వాడాలన్నదే కష్టమని గమనించి డిక్షనరీ తయారుచేశారు. అది 1942లో టోక్యోలో అచ్చయింది, 1948లో ఆక్స్‌ఫర్డ్ వేసింది. దాని తర్వాతి ముద్రణ ఒకటి అవెన్యూ రోడ్డులో పాత పుస్తకాల దగ్గర కొన్నాను, ఇప్పటికీ నా బల్ల మీదే ఉంటుంది. ఒక నోటుబుక్ పెట్టుకుని 'రీజన్' అని కాకుండా 'రీజన్ ఫర్' అని, పక్కనే మీ మెయిల్‌లోని వాక్యం రాసుకోండి. రోజుకి రెండు చాలు.

రేపు మళ్లీ ఆలస్యం గురించి రాయాల్సి వస్తే 'ద కాజ్ ఆఫ్ ద డిలే వాజ్ ఎ సర్వర్ ఫెయిల్యూర్' అని రాసి పంపండి.