ఓడ ప్రయాణంలో తొలి మూడు రోజులు

ప్రశ్న: అమ్మానాన్నలతో కలిసి బార్సిలోనాలో ఓడ ఎక్కి, వారం రోజుల మధ్యధరా క్రూయిజ్‌కు వెళ్తున్నాం. మొదటి రోజు సాయంత్రం ఓడ బయలుదేరుతుంది, రెండో రోజంతా సముద్రంలోనే, మూడో రోజు రోమ్. బయలుదేరే రోజు ఉదయం విమానం దిగితే సరిపోతుందా? రోమ్‌లో ఒక్కరోజులో ఏమేం చూడవచ్చు? నాన్నగారికి మోకాళ్ల నొప్పులు, అమ్మకు ప్రయాణంలో వాంతులు.

జవాబు: దయచేసి ముందు రోజే బార్సిలోనా చేరుకోండి. విమానం ఆలస్యమైతే ఓడ మీ కోసం ఆగదు, రెండో రోజు ఏ రేవూ లేదు కనుక మీరు సొంత ఖర్చుతో ఇటలీ వరకు వెళ్లి ఓడను అందుకోవలసి వస్తుంది.

రేవులో పెద్ద పెట్టెలను సిబ్బందికి అప్పగిస్తే, అవి క్యాబిన్ గుమ్మం దగ్గరకు చేరేసరికి ఒక్కోసారి రాత్రవుతుంది. నా తొలి యాత్రలో బీపీ మాత్రలు ఆ పెట్టెలోనే ఉండిపోవడంతో, భోజనానికి కూడా వెళ్లకుండా తలుపు తీసి దాని కోసం ఎదురుచూశాను. కాబట్టి మందులు, పాస్‌పోర్టులు, ఒక జత బట్టలు చేతిసంచిలోనే ఉంచుకోండి.

ఓడ కదలకముందు జరిగే భద్రతా శిక్షణను తేలికగా తీసుకోవద్దు. 2012 జనవరి 13న ఇటలీలోని జిల్యో దీవి దగ్గర కోస్తా కాంకోర్డియా ఓడ రాతిని ఢీకొని ఒరిగిపోయినప్పుడు 32 మంది చనిపోయారు. ఆ రోజే ఓడ ఎక్కిన వందలాది మందికి అప్పటికింకా ఆ శిక్షణ జరగనే లేదు. ఏడు పొట్టి కూతల తరువాత ఒక పొడుగు కూత వినిపిస్తే, మీకు కేటాయించిన చోటికి చేరాలి. అత్యవసర సమయంలో లిఫ్టు వాడకూడదు కనుక, ఆ సాయంత్రమే నాన్నగారితో కలిసి మెట్లదారిన నెమ్మదిగా ఒకసారి అక్కడికి వెళ్లి రండి. సిబ్బందికి ఆయన మోకాళ్ల సంగతి కూడా ముందే చెప్పండి.

రెండో రోజు దారిలో మిస్ట్రాల్ అనే వాయవ్యపు గాలి వీస్తే ఓడ బాగానే ఊగుతుంది. అమ్మగారి కోసం ఓడ మధ్యభాగంలో, కింది అంతస్తులో క్యాబిన్ అడగండి. డాక్టరు సలహాతో తీసుకునే వాంతుల మాత్ర తిప్పడం మొదలయ్యాక కాదు, ముందే వేసుకోవాలి. కడుపు ఖాళీగా ఉంచకుండా, డెక్ మీద కూర్చుని దూరాన దిగంతరేఖను చూస్తూ ఉంటే చాలామందికి ఉపశమనం కలుగుతుంది.

ఇక రోమ్. ఓడ ఆగేది రోమ్‌లో కాదు, దాదాపు 70 కిలోమీటర్ల దూరంలోని చివితావెక్కియా రేవులో. రానూపోనూ ప్రయాణానికే మూడు గంటలకు పైగా పోతుంది కనుక కొలోసియం, వాటికన్ రెండూ ఒకే రోజున పెట్టుకుంటే నాన్నగారికి నరకమే. నా మాట విని వాటికన్‌లోని సెయింట్ పీటర్స్ చర్చి ఒక్కటే చూడండి. లోపలికి వెళ్లడానికి భుజాలు, మోకాళ్లు కప్పే దుస్తులు తప్పనిసరి, బుధవారం ఉదయం పోప్ సభ ఉంటే చర్చి ముందున్న విశాలమైన ఆవరణంతా జనమే. ఆ ఆవరణలో, నేలలో పొదిగిన ఒక గుండ్రని రాయి మీద నాన్నగారిని నిలబెట్టండి. శిల్పి బెర్నీనీ నాలుగు వరుసల్లో నిలిపిన స్తంభాలు అక్కడి నుంచి చూస్తే ఒకే వరుసగా కనిపిస్తాయి. ఒక్క అడుగు పక్కకు వేయగానే వెనుక వరుసలు బయటపడతాయి. ఆ ఒక్క చోటే అరగంట గడిపినా నాకు తనివి తీరలేదు.

రైలు చౌకే అయినా, మీ విషయంలో ఓడవాళ్లు నడిపే బస్సే మేలు. సొంతంగా వెళ్లినవారు ఆలస్యమైతే ఓడ వెళ్లిపోతుంది. వాళ్ల యాత్రలోనే ఆలస్యమైతే మాత్రం సాధారణంగా మీకోసం ఆగుతుంది.