అమ్మ ఇంజెక్షన్‌లో చక్కెర ఉందా?

ప్రశ్న: మా అమ్మకు షుగర్ ఉంది, కిడ్నీలు పాడై వారానికి రెండుసార్లు డయాలసిస్. రక్తం తగ్గకుండా ఎరిత్రోపోయిటిన్ ఇంజెక్షన్ ఇస్తున్నారు. ఫార్మా కంపెనీలో పనిచేసే మా చెల్లెలి కొడుకు మొన్న మాటల్లో, అది ఎలుకలాంటి జంతువు కణాల్లో తయారవుతుందనీ, దానికి చక్కెరలు అతికి ఉంటాయనీ అన్నాడు. అప్పటినుంచి అమ్మ వద్దంటోంది, నాకూ టెన్షన్‌గా ఉంది. ఆపేయమంటారా?
— ఒక పాఠకురాలు, కర్నూలు

జవాబు: ఆపొద్దండీ. మీవాడు చెప్పింది నిజమే, కానీ ఆ చక్కెర షుగర్ పేషెంట్లు భయపడాల్సిన చక్కెర కాదు. 4,000 యూనిట్ల డోసులో మందు దాదాపు 33 మైక్రోగ్రాములు, అందులో నూటికి 40 వంతులు చక్కెర గొలుసులు, అంటే 13 మైక్రోగ్రాములు. ఒక టీ చెంచా పంచదారలో 40 లక్షల మైక్రోగ్రాములు ఉంటాయి. ఇక మీరే చూసుకోండి.

అసలు ఆ చక్కెరలే లేకపోతే మందు ఒంట్లో నిలవదు. ఎరిత్రోపోయిటిన్‌కు పెద్ద చక్కెర గొలుసులు మూడు, చిన్నది ఒకటి ఉంటాయి. ఒక్కో గొలుసును జడ అనుకుంటే, చివర కట్టే కుప్పెల్లాంటిది సియాలిక్ ఆమ్లం అనే చక్కెర. అది ఊడిపోతే దాని కింది గెలాక్టోజ్ అనే ఇంకో చక్కెర బయటపడుతుంది, వెంటనే కాలేయం ఆ అణువును పట్టి లాగేస్తుంది, ఇక మందు పనిచేసేదెప్పుడు? ఇన్సులిన్‌కు ఈ బాధ లేదు, దానికి చక్కెర గొలుసులే లేవు కాబట్టి బ్యాక్టీరియాలో తయారుచేసినా సరిపోతుంది. మామూలు బ్యాక్టీరియాకు మన ఒంట్లో జరిగినట్టు జడలల్లడం రాదు. అందుకే చైనా హామ్‌స్టర్, అంటే మీవాడు చెప్పిన ఆ ఎలుకలాంటి జంతువు, అండాశయ కణాలు కావాల్సొచ్చింది. 1957లో అమెరికాలో థియోడర్ పక్ అనే శాస్త్రవేత్త ఒక హామ్‌స్టర్ నుంచి తీసిన కణాలే ట్యాంకుల్లో ఇప్పటికీ పెరుగుతున్నాయి, ఇంజెక్షన్ కోసం ఇప్పుడు ఏ జంతువునూ చంపరు. అమ్మగారికి ఈ మాట తప్పకుండా చెప్పండి.

ఆ కణాలు కూడా అన్నీ మనలా చేయవు. మన కణాలు సియాలిక్ ఆమ్లాన్ని రెండు తీరుల్లో అతికిస్తాయి, హామ్‌స్టర్ కణాలు ఒక తీరులోనే. ల్యాబుల్లో ఆ రెండో తీరుకు కావాల్సిన ఎంజైమ్ జీన్‌ను వాటిలో చేర్చి, మన పద్ధతి నేర్పించారు. నాకు మాత్రం దీనికంటే ముచ్చటైన సంగతి, ఒక జీన్‌ను తీసేసి మందు బలం పెంచడం. ఈ హామ్‌స్టర్ కణాల్లోనే తయారయ్యే ఇంకో రకం ప్రొటీన్ మందు యాంటీబాడీ. అది ఒకవైపు క్యాన్సర్ కణాన్ని పట్టుకుంటుంది, దాని తోకను మన నేచురల్ కిల్లర్ కణం, అంటే చెడ్డ కణాలను చంపే రక్తకణం, పట్టుకోవాలి. తోక దగ్గరి గొలుసులో ఫ్యూకోజ్ అనే చిన్న చక్కెర ఉంటే ఆ పట్టు సడలుతుంది. జపాన్‌లో క్యోవా హక్కో అనే మందుల కంపెనీ శాస్త్రవేత్తలు ఫ్యూకోజ్‌ను అతికించే ఎఫ్‌యూటీ8 జీన్‌ను హామ్‌స్టర్ కణాల్లోంచి తీసేశారు, 2004లో ఆ సంగతి ప్రచురించారు. ఫ్యూకోజ్ లేకుండా తయారైన మొగాములిజుమాబ్‌కు 2012లో అక్కడ అనుమతి వచ్చింది, ఒక రకం రక్త క్యాన్సర్‌కు. ఒక్క చక్కెర తీసేస్తే ఇంత తేడా!

మీ అమ్మగారి మందులోనే ఇంకో దారి తొక్కారు. కణం జోలికి పోకుండా మందులోని ప్రొటీన్‌నే కాస్త మార్చి, పెద్ద జడలు మూడుంటే ఐదు చేశారు. 2001లో అనుమతి పొందిన డార్బెపోయిటిన్ అదే. నరంలోకి ఇస్తే పాతదానికంటే సుమారు మూడు రెట్లు ఎక్కువసేపు నిలుస్తుంది కాబట్టి తక్కువసార్లు పొడిపించుకుంటే చాలు. అమ్మగారికి అది కుదురుతుందేమో డాక్టర్‌ను అడగండి, హిమోగ్లోబిన్ రిపోర్టుతో పాటు ఐరన్ ఎంతుందో కూడా చూపించండి, ఐరన్ లేకపోతే ఎంత మంచి ఇంజెక్షనైనా రక్తం పెరగదు.

ఇంకొకటి. మందుల షాపు నుంచి ఐస్ ప్యాక్‌లో తెస్తుంటే సిరంజి నేరుగా ఐస్‌కు తగలకుండా మధ్యలో గుడ్డ చుట్టండి, ఇంట్లో ఫ్రీజర్‌లో కాదు, ఫ్రిజ్ కింది అరలో పెట్టండి. గడ్డకట్టినా, గట్టిగా ఊపినా ప్రొటీన్ పాడవుతుంది, ఊపొద్దని చెప్పేది అందుకే.