ముందు ట్రంకు పెట్టె దించు

విజయనగరం

చి. సౌ. బుల్లికి, పెద్దమామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. మీ తాతగారు రెండో ప్రపంచ యుద్ధంలో మిలటరీ సర్వేలో చేశారని, ఎక్కడ తిరిగారో కనుక్కోవాలని రాశావు. మంచి పనే. కానీ లండన్‌కి ఎలా రాయాలని అడిగావు చూడు, అక్కడే తప్పటడుగు. లండన్ సంగతి తర్వాత. ముందు మీ టెక్కలి ఇంట్లో అటక మీదున్న ట్రంకు పెట్టె దించు.

ఈ వెతుకులాటంతా ఒక్క నంబరు మీద నడుస్తుంది. పటాలంలో చేరినప్పుడు ఇచ్చిన నంబరు. డిశ్చార్జి కాయితం మీద ఉంటుంది. లేకపోతే పాత ఉత్తరాలు, మనియార్డరు రసీదులు కూడా తిరగెయ్యి. పతకాలుంటే భూతద్దం పెట్టి అంచు చూడు, ఏమైనా అక్షరాలు చెక్కి ఉంటాయేమో. ఆరు కోణాల నక్షత్రం మీద బర్మా స్టార్ అని ఉందంటే ఆయన 1941 డిసెంబరు, 1945 సెప్టెంబరు మధ్యలో బర్మా యుద్ధరంగంలో ఉన్నట్టు. ఇండియా సర్వీస్ మెడల్ మాత్రమే ఉంటే ఎక్కువ కాలం దేశంలోనే గడిచిందని అర్థం. మా ఇంట్లో ఆ వెసులుబాటు లేకపోయింది. యుద్ధంలో చేసిన మా పెదనాన్న పతకాలు స్టీలు సామాన్లవాడికి వేసేసి గిన్నె పుచ్చుకున్నారు. ఆ గిన్నెలో ఇప్పటికీ పెరుగు తోడు పెడుతున్నారు.

పేరును మాత్రం నమ్ముకోకు. మనవైపు అప్పలస్వాములు, పైడిరాజులు, సింహాచలాలు ఊరికి పదిమంది. గుమస్తా ఇంటిపేరు వదిలేసి, తనకి తోచిన స్పెల్లింగు రాసుకునేవాడు. మా పెట్టెలో అయితే రెండు డిశ్చార్జి కాయితాలు దొరికాయి, రెండూ అప్పలస్వామివే! అన్నదమ్ముల పిల్లలిద్దరికీ ఒకే తాత పేరు పెట్టారు మరి. ఏది మా పెదనాన్నదో తేల్చింది గుర్తింపు మచ్చలు రాసిన వరస. ‘ఎడమ మోచేతి కింద కాలిన మచ్చ’ అని దొడ్డమ్మకి చదివి వినిపిస్తే, "బెల్లం పాకం పడ్డాది కదరా" అంది. అందుకని మీ నానమ్మకి చెవులు వినపడవని ఊరుకోకు. గట్టిగా అడుగు.

ఊరి పేర్లతో కూడా ఇదే తంటా. శ్రీకాకుళం జిల్లా ఏర్పడింది 1950లో, మా విజయనగరం జిల్లా 1979లో. యుద్ధకాలం కాయితాల్లో రెండూ వైజాగపటం జిల్లాయే, శ్రీకాకుళం పేరు చికాకోల్. 1936లో ఒరిస్సా విడిపోకముందు టెక్కలి, శ్రీకాకుళం గంజాం జిల్లాలో ఉండేవి. ఆ పేరు కనిపిస్తే వేరే మనిషి అనుకుని పక్కన పెట్టెయ్యకు.

ఇక సర్వే అంటే ఒకటే దళం కాదు. దేశపటాలు గీసే ప్రభుత్వ శాఖ సర్వే ఆఫ్ ఇండియా మనుషులతో కట్టిన ఫీల్డ్ సర్వే కంపెనీలు ఇండియన్ ఇంజనీర్స్ అనే సైన్యపు ఇంజనీర్ల దళం కిందికి వస్తాయి. ఫిరంగి దళానికి వేరే సర్వే వాళ్ళున్నారు. ఫిరంగులు ఎక్కడున్నాయో కొలిచి తేల్చడం వాళ్ళ పని. ఇంజనీర్లకి బెంగళూరు, రూర్కీ, కిర్కీల్లో మూడు కేంద్రాలున్నాయి. తెలుగువాడు కాబట్టి బెంగళూరే అయ్యుంటుందని ఊహించి ఏడాది పోగొట్టుకున్నాను నేను. కాయితం మీద ఏ కేంద్రం ముద్ర ఉంటే అక్కడి రికార్డ్స్ ఆఫీసుకే రాయి. సమాచార హక్కు దరఖాస్తుకి పది రూపాయలు, దానితో పాటు మనవరాలివని చూపే కాయితం జత చెయ్యి. పెన్షన్ లేనివాళ్ళ ఫైళ్ళు పాతికేళ్ళ తర్వాత తీసేస్తారు, యుద్ధం అయ్యాక ఇంటికి పంపేసిన వాళ్ళలో చాలామందికి పెన్షన్ లేదు. అందుకని ఫైలు అడగొద్దు, ‘లాంగ్ రోల్’ నకలు అడుగు. చేరినవాళ్ళ పేర్లు వరసగా రాసే ఆ రిజిస్టరు ఉంచుతారు. అందులో దొరికేది ఒక్క వరసే అయినా చేరిన తేదీ, వదిలిన తేదీ తెలుస్తాయి. శ్రీకాకుళంలో జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి కూడా ఓసారి వెళ్ళిరా. మీ నానమ్మ పేరున ఎప్పుడైనా సాయానికి అర్జీ పెట్టి ఉంటే అందులో నంబరు ఉంటుంది.

కంపెనీ పేరు తెలిశాక అప్పుడు లండన్. అక్కడ క్యూ అనే చోట ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో యుద్ధ డైరీలు ఉన్నాయి. ఆగ్నేయాసియావి డబ్ల్యూ.ఓ. (వార్ ఆఫీసు) 172 వరసలో, ఇరాక్, ఈజిప్టు వైపువి డబ్ల్యూ.ఓ. 169లో. కేటలాగు ఇంట్లో కూర్చునే వెతకొచ్చు, నకళ్ళకి డబ్బు కట్టాలి. అందులో మీ తాతగారి పేరు ఉంటుందని ఆశ పెట్టుకోకు. పేర్లన్నీ దాదాపు ఆఫీసర్లవే. కానీ ఏ రోజు ఏ ఊళ్ళో ఉన్నారు, ఏ పని జరిగింది అన్నది తేదీల వారీగా ఉంటుంది. లాంగ్ రోల్ తేదీలు పక్కన పెట్టుకుని చదివితే ఆయన ఎక్కడున్నాడో నీకే తెలుస్తుంది.

పెదనాన్న ఎప్పుడూ "బర్మా కొండల్లో బల్ల మోశాను" అనేవాడు. దొరల భోజనాల బల్ల మోశాడనుకుని పిల్లలం నవ్వేవాళ్ళం. ఆయనా ఏమీ అనేవాడు కాదు. డైరీలో ప్లేన్ టేబుల్ అన్న మాట చూసినప్పుడు గానీ నాకు వెలగలేదు. మూడు కాళ్ళ మీద నిలబెట్టే చెక్క పలక అది. దానికి కాయితం బిగించి, కొండ శిఖరాలకి గురిచూసి గీతలు లాగి, అక్కడికక్కడే పటం గీస్తారు. విమానం నుంచి తీసిన ఫోటోలు ఉన్నా, వాటిని నేలకి సరిపెట్టడానికి ఎవరో ఒకరు ఆ కొండ ఎక్కాల్సిందే. బల్ల వానకి తడిసి వంగిందంటే కొలత తప్పుతుంది. అందుకేనేమో, వానొస్తే ఆయన ముందు మా పలకలు లోపల పెట్టించేవాడు, తర్వాతే మమ్మల్ని పిలిచేవాడు.

మీ తాతగారు ఏ మాట పదేపదే అనేవారో మీ నాన్నని, అత్తని విడివిడిగా అడిగి, వాళ్ళన్నది అన్నట్టే రాసి పెట్టు, నువ్వు సవరించకు. పైడితల్లమ్మ సిరిమానుకి వస్తావు కదా, ఆ పెట్టెలో కాయితాలు కూడా పట్టుకురా. మడతలు గట్టిగా విప్పకు, చిరుగుతాయి. అట్ట మధ్య పెట్టి తే. భూతద్దం నా దగ్గరుంది.

మీ పెద్దమామయ్య