ఛాతీలో దిగిన మేకును అక్కడే ఎందుకు తీయకూడదు?

ప్రశ్న: మా అన్నయ్య వడ్రంగి. అతని పక్క షాపులో ఒకతనికి మేకులు కొట్టే గన్ పేలి ఛాతీలో మేకు దిగింది. తోటివారు లాగబోతే ఒక పెద్దాయన వారించారట. ఎందుకు తీయకూడదు? గుండెకే తగిలితే ఆపరేషన్ ఎలా చేస్తారు?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ఆ పెద్దాయన చేసిందే సరైన పని. గుండెలో దిగిన మేకు తాను చేసిన రంధ్రానికి తానే అడ్డుపడి రక్తాన్ని చాలావరకు ఆపుతుంది కనుక, దాన్ని లాగితే నిమిషాల్లో ప్రాణం పోవచ్చు. సినిమాల్లో కత్తి పీకి పారేసి లేచి నిలబడే హీరోల వల్లే జనంలో ఈ తొందర పెరిగిందేమోనని నా అనుమానం. బయటికి కనిపించే మేకు కొస నాడితో పాటు కదులుతోందంటే అది గుండెకు తగిలి ఉండవచ్చు. దాని చుట్టూ గుడ్డ పేర్చి, కదలకుండా ఉంచి, తినడానికీ తాగడానికీ ఏమీ ఇవ్వకుండా, 108కి ఫోన్ చేసి, గుండె ఆపరేషన్లు చేసే ఆసుపత్రికి తరలించాలి.

బయట రక్తం కనిపించకపోయినా ధీమా పడకూడదు. గుండె చుట్టూ ఉన్న పొర త్వరగా సాగదు కాబట్టి, అందులో ఒక్కసారిగా 150 మిల్లీలీటర్ల రక్తం చేరినా గుండె నిండలేక బీపీ పడిపోతుంది, మెడ నరాలు ఉబ్బుతాయి. గుండెను స్కాన్ చేసే ఎకో పరీక్షలో ఇది తెలుస్తుంది. ఇలాంటి రోగికి మత్తు ఇవ్వగానే బీపీ కుప్పకూలే ప్రమాదం ఉన్నందున, ముందే ఛాతీని శుభ్రం చేసి, గుడ్డలు కప్పి, సర్జన్ సిద్ధంగా నిలబడ్డాకే మత్తు ఇస్తారు. రొమ్ము ఎముకను నిలువునా కోసి, మేకు చుట్టూ గుండె కండరంలో వలయంగా కుట్టు వేసి ఉంచుకుని, మేకును లాగిన క్షణంలోనే సంచి మూతికి నాడా బిగించినట్టు దాన్ని బిగిస్తారు. గాయం పెద్దదైతే, ఆపరేషన్ సమయంలో గుండె, ఊపిరితిత్తుల పనిని తాను చేసే హార్ట్-లంగ్ మెషీన్ అవసరం కావచ్చు. పక్కనే గుండె కండరానికి రక్తాన్నిచ్చే కరోనరీ ధమని ఉంటే, అది మూసుకుపోకుండా దాని అడుగు నుంచి కుట్లు వేయాలి; అసలు నేర్పు ఇక్కడే కావాలి.

గుండె గాయాన్ని కుట్టి రోగిని బతికించిన తొలి వైద్యుడు జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో పనిచేసిన లుడ్విగ్ రేన్. 1896లో ఆయన కత్తిపోటు తిన్న యువకుడి కుడి జఠరికకు (గుండె కుడివైపు కింది గదికి) పట్టుదారంతో మూడు కుట్లు వేశారు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికన్ సర్జన్ డ్వైట్ హార్కెన్ సైనికుల గుండె నుంచి, దాని పరిసరాల నుంచి 134 లోహపు ముక్కలను ఒక్క మరణమూ లేకుండా తీశారు.

అయితే దొరికిన ప్రతి ముక్కనూ తీయాలనే నియమం లేదు. కండరంలో పూర్తిగా కూరుకుపోయి, ఏ ఇబ్బందీ పెట్టని చిన్న ముక్కను కొన్నిసార్లు అలాగే వదిలి గమనిస్తారు. గుండె ఎడమవైపు గదిలో కదులుతున్నదైతే మాత్రం రక్తంతో మెదడుకు చేరవచ్చు కాబట్టి ఆలస్యం చేయరు.