టెక్ సందేహాలు: సిగ్నల్ దగ్గర ఆగిపోయే కారు, చేతిలో ఓబీడీ డాంగిల్

ప్రశ్న: మాది 2011 మోడల్ పెట్రోల్ వ్యాగన్ ఆర్. ఏసీ వేసుకుని కాజీపేట నుంచి వస్తుంటే, సిగ్నల్ పడ్డప్పుడల్లా ఇంజిన్ వణికి ఆగిపోయేది. ప్లగ్గులు మార్పించినా తేడా లేదు. ఒక మెకానిక్ ‘స్లో’ (కాలు తీసినప్పటి ఇంజిన్ వేగం, ఐడ్లింగ్) పెంచాడు. కొన్నాళ్లు బాగానే నడిచింది. ఇప్పుడేమో ఎక్సలేటర్ మీద కాలు పెట్టకపోయినా ఇంజిన్ గుర్రుమని లేస్తుంది, మళ్లీ పడిపోతుంది. చెక్ ఇంజిన్ లైటు వెలగలేదు. ‘ఈసీఎం (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్) పోయింది, మార్చాల్సిందే’ అంటున్నారు. కారు కంప్యూటర్ లెక్కల్ని ఫోన్‌లో చూపించే బ్లూటూత్ ఓబీడీ డాంగిల్ కొన్నాను. యాప్‌లో ఆర్పీఎం (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) 1000కీ 1700కీ మధ్య ఎక్కుతూ దిగుతూ ఉంది. ఇంకా ఏమేం చూడాలి? – హనుమకొండ

జవాబు: ఈసీఎం జోలికి ఇప్పుడే పోకండి. స్లో పెంచాక జబ్బు తీరే మారిపోయిందంటున్నారు కదా, అసలు ఆధారం అదే.

కాలు తీసేయగానే ఇంజిన్‌లోకి గాలిని వదిలే థ్రాటిల్ పలక దాదాపు మూసుకుపోతుంది. ఇంజిన్ ఆగకుండా ఉండటానికి కావలసిన కాస్త గాలి పక్కనున్న సన్నని దారిలోంచి, ఒక చిన్న వాల్వ్ గుండా లోపలికి వెళ్తుంది. మన మెకానిక్‌లు దీన్ని ఐఎస్‌సీ అనో ఐఏసీ అనో అంటారు. ఏసీ కంప్రెసర్ ‘టక్’మని పట్టుకోగానే ఇంజిన్ మీద బరువు పడుతుంది. వెంటనే ఈసీఎం ఆ వాల్వ్‌ను ఇంకొంచెం తెరిచి ఆర్పీఎంను నిలబెట్టాలి. ఇన్నేళ్ల బండిలో ఆ దారి నిండా ఆయిల్ ఆవిరి, కార్బన్ కలిసి జిడ్డులా పేరుకుని ఉంటాయి. వాల్వ్ తెరుచుకున్నా గాలి చాలదు, ఇంజిన్ ఆగిపోతుంది. మీ మొదటి బాధ ఇదే అయ్యుండాలి.

స్లో పెంచడమంటే చాలాసార్లు థ్రాటిల్ పలకను ఆపే స్క్రూను తిప్పడమే. పలక కాస్త తెరుచుకునే ఉండిపోతుంది. ఈసీఎం వాల్వ్‌ను ఎంత మూసినా గాలి ఆగదు, ఆర్పీఎం దిగదు. ‘కాలు తీశారు, స్పీడ్ మాత్రం ఎక్కువుంది’ అనుకుని అది పెట్రోల్ ఆపేస్తుంది. ఆర్పీఎం పడిపోగానే మళ్లీ ఇస్తుంది. మీకు వినిపించే గుర్రు అదే. పగిలిన రబ్బరు పైపులోంచి దొంగగాలి దూరినా అచ్చం ఇలాగే ఉంటుంది కాబట్టి దాన్నీ తోసిపుచ్చలేం.

ఇక యాప్. లైటు వెలగకపోయినా ‘పెండింగ్ కోడ్స్’ (ఈసీఎం అనుమానించి రాసిపెట్టుకున్న లోపాలు) చూడండి. పీ0505 వస్తే ఐడ్లింగ్ కంట్రోల్, పీ0300 వస్తే మిస్సింగ్ (సిలిండర్లలో పెట్రోల్ సరిగా మండకపోవడం). ఒక్క మాట: కోడ్ చెప్పేది ఎక్కడ వెతకాలో మాత్రమే, ఏ పార్టు కొనాలో కాదు. కోడ్ చూసి పార్టులు మార్చుకుంటూ పోయేవాళ్లకు ఆటోనగర్‌లో బిల్లు తప్ప ఏమీ మిగలదు.

కోడ్‌ల కన్నా లైవ్ డేటా మేలు. రాత్రంతా నిలిపిన బండిని పొద్దున్నే స్టార్ట్ చేయకుండా, కీ ఆన్ చేసి కూలెంట్ టెంపరేచర్ చూడండి. బయటి వేడికి దగ్గరగా ఉండాలి. మన ఎండల్లో అది మైనస్ 40 చూపిస్తే సెన్సరో దాని వైరో తెగినట్టే. అప్పుడు ఈసీఎం గడ్డకట్టే చలిలో ఉన్నాననుకుని పెట్రోల్ గుమ్మరిస్తుంది. ఇంజిన్ వేడెక్కాక థ్రాటిల్ శాతం చూడండి. కాలు తీసినా సున్నా రాకపోవచ్చు, చాలా కార్లలో 10 నుంచి 18 మధ్య ఉంటుంది. ఆ అంకె కదలకుండా ఉందా లేదా అన్నదే ముఖ్యం. వోల్టేజీ 13.5–14.5 మధ్య ఉంటే ఆల్టర్నేటర్‌ను వదిలేయొచ్చు.

ఫ్యూయల్ ట్రిమ్ (ఈసీఎం పెట్రోల్‌ను ఎంత శాతం పెంచిందో, తగ్గించిందో చెప్పే అంకె) గురించి వీడియోల్లో ఓ సూత్రం చెబుతారు: ఐడ్లింగ్‌లో ట్రిమ్ ప్లస్ 20 ఉండి, 2500 ఆర్పీఎం దగ్గర తగ్గితే గాలి లీకు అని. గాలి బరువును నేరుగా కొలిచే మ్యాఫ్ సెన్సర్ ఉన్న కార్లకు అది సరే. మారుతి చిన్న కార్లలో ఎక్కువగా ఉండేది మ్యాప్ సెన్సర్. అది ఇంజిన్‌లోకి గాలి వెళ్లే పైపులోని ఒత్తిడిని కొలుస్తుంది కాబట్టి లీకైన గాలి కూడా లెక్కలోకి వచ్చేస్తుంది. ట్రిమ్ మామూలుగానే కనిపించి, ఆర్పీఎం మాత్రం పెరుగుతుంది. అందుకని ట్రిమ్ బాగుందని లీకు లేదనుకోకండి. పీసీవీ పైపును (ఇంజిన్ లోపలి ఆవిరిని మళ్లీ గాలి దారిలోకి పంపేది), బ్రేక్ బూస్టర్ పైపును వేళ్లతో వంచి చూడండి. వేడికి గట్టిపడిన రబ్బరు వంపు దగ్గరే పగులుతుంది.

ఆ తర్వాత పని క్లీనింగే. బ్యాటరీ నెగటివ్ తీసి, థ్రాటిల్ బాడీ క్లీనర్‌తో, మెత్తటి పాత టూత్‌బ్రష్‌తో పలక అంచున ఉన్న నల్లటి వలయాన్ని పోగొట్టాలి. పక్కదారి రంధ్రాన్నీ శుభ్రం చేయించండి. వాల్వ్ మోటార్‌ను మాత్రం క్లీనర్‌లో ముంచనివ్వకండి. స్క్రూ పాత చోటికి రావాలి, లేకపోతే ఎంత కడిగినా ఇదే గోల. మళ్లీ స్టార్ట్ చేశాక కొంతసేపు ఆర్పీఎం ఎక్కువే ఉండొచ్చు, టెన్షన్ వద్దు. ముందు ఏసీ లేకుండా, తర్వాత ఏసీ వేసి కొన్ని నిమిషాలు నడవనివ్వండి, ఈసీఎం కొత్త లెక్క నేర్చుకుంటుంది.

అప్పటికీ కుదరకపోతే ఇంజిన్ నుంచి బాడీకి వచ్చే ఎర్త్ వైరు తుప్పు పట్టిందేమో చూపించండి. ఈసీఎం మాట ఆ తర్వాతే.

ప్రశ్న: అదే రకం డాంగిల్ నా ఐఫోన్‌లో కనిపించడం లేదు. పాడైందా? – కరీంనగర్

జవాబు: పాడవలేదు. చవక డాంగిల్స్‌లో చాలావరకు పాత తరహా బ్లూటూత్‌వే. ఆండ్రాయిడ్‌కు సరిపోతాయి, ఐఫోన్‌తో కలవవు. వైఫై రకం గానీ బ్లూటూత్ లో ఎనర్జీ రకం గానీ తీసుకోండి.

ప్రశ్న: డాంగిల్‌ను కారులోనే ఉంచేయొచ్చా? – జనగామ

జవాబు: రోజూ తిప్పే బండైతే పెద్ద నష్టం లేదు. ఊరెళ్లి వారాల తరబడి నిలిపేస్తే బ్యాటరీని మెల్లగా తాగేస్తుంది. పైగా చవక డాంగిల్స్‌కు పిన్ 1234 లాంటిదే ఉంటుంది, పక్కన నిలబడ్డవాళ్లెవరైనా కనెక్ట్ కావచ్చు. పనయ్యాక పీకి డ్యాష్‌బోర్డు అరలో పడేయండి.