జర్నల్ సబ్‌స్క్రిప్షన్ లేకుండా లా ఆర్టికల్స్ ఎలా చదవాలి?

మీ కాలేజీలో ఏ డేటాబేసూ లేదు, ఎల్‌ఎల్‌ఎం డిజర్టేషన్‌కి ఆర్టికల్స్ ఎక్కడ దొరుకుతాయి అని అడిగారు. నేనూ జిల్లా కేంద్రంలో ఓ ప్రైవేటు కాలేజీలోనే ఎల్‌ఎల్‌ఎం చేశానండి. నా టాపిక్ అసైన్డ్ భూములు, 1977 నాటి బదలాయింపు నిషేధ చట్టం. మొదటి నెలంతా ఏ ఆర్టికల్ నొక్కినా డాలర్లలో రేటు చూసి వెనక్కి వచ్చేసేదాన్ని.

తర్వాత తెలిసిందేమిటంటే, డబ్బులడిగేది జర్నల్ అచ్చేసిన కాపీకే. అదే వ్యాసం రాతప్రతిని చాలామంది రచయితలే రిపాజిటరీలో, అంటే పేపర్లు దాచి అందరికీ చూపే వెబ్‌సైట్‌లో, పెట్టేస్తారు. లా వాళ్లు ఎక్కువగా వాడే రిపాజిటరీ ఎస్‌ఎస్‌ఆర్‌ఎన్ (SSRN). 1994లో మొదలైంది, 2016లో ఎల్సెవియర్ అనే జర్నల్ ప్రచురణ సంస్థ చేతికి వెళ్లింది. అయినా అక్కడి పేపర్లు చాలావరకు ఇప్పటికీ ఉచితమే. గూగుల్ స్కాలర్‌లో వ్యాసం పేరు కొట్టి, కింద 'ఆల్ వెర్షన్స్' అని ఉన్నచోట నొక్కండి. ఉచిత కాపీ ఎక్కడున్నా చాలాసార్లు అక్కడే బయటపడుతుంది.

నాకు అన్నిటికంటే అక్కరకొచ్చింది శోధ్‌గంగ, పీహెచ్‌డీ థీసిస్‌లు ఉచితంగా దొరికే వెబ్‌సైట్. గాంధీనగర్‌లోని యూజీసీ కేంద్రం ఇన్‌ఫ్లిబ్‌నెట్ నడుపుతుంది. పీహెచ్‌డీ థీసిస్ సాఫ్ట్ కాపీ ఇవ్వాలని యూజీసీ 2009లో నిబంధన పెట్టింది కాబట్టి మన యూనివర్సిటీలవీ ఉంటాయి. ఒక్కో థీసిస్ అధ్యాయాలవారీగా విడి పీడీఎఫ్‌లుగా ఉంటుంది. నేను ముందు చివరి ఫైళ్లు తెరిచేదాన్ని: ముగింపు, ఆ తర్వాత బిబ్లియోగ్రఫీ. ఒక థీసిస్ బిబ్లియోగ్రఫీలోంచే నా టాపిక్‌కి కావలసిన తీర్పుల పేర్లు చాలా దొరికాయి. వాటిని తీర్పులు ఉచితంగా దొరికే ఇండియన్ కానూన్ సైట్‌లో తీసి పూర్తిగా చదివాను. థీసిస్‌లో రాసిన సారాంశాన్ని మాత్రం నమ్ముకోవద్దు. ఒకచోట మెజారిటీ తీర్పుతో విభేదించిన జడ్జి మాటని కోర్టు తీర్పుగా రాసేశారు.

ఒక్క విషయంలో జాగ్రత్త. రిపాజిటరీలో ఉన్నది చాలాసార్లు డ్రాఫ్టే. నేను డ్రాఫ్ట్ చదివి, ఫుట్‌నోట్‌లో జర్నల్ పేరు, డ్రాఫ్ట్ పేజీ నంబరు వేశాను. వైవాలో ఎగ్జామినర్ గారు అచ్చయిన వ్యాసం ముందు పెట్టుకుని, "ఈ వాదన ఇందులో ఎక్కడుందమ్మా?" అన్నారు. రచయిత ఆ భాగమే తీసేశారట. నోట మాట రాలేదు. మీరు చదివింది డ్రాఫ్ట్ అయితే డ్రాఫ్ట్ అనే రాయండి, తేదీతో సహా.

మీది ప్రభుత్వ యూనివర్సిటీ అయితే లైబ్రరీలో 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' (ప్రభుత్వ విద్యాసంస్థలకి జర్నల్స్ అందించే కేంద్ర పథకం) గురించి తప్పక అడగండి, 2025 జనవరి నుంచి అమల్లో ఉంది. నాలాంటి ప్రైవేటు కాలేజీ పిల్లలకి అది లేకపోవడం నాకు నిజంగా బాధే. చట్టం మీద పరిశోధన ఎక్కువ అవసరమయ్యేది మండల కోర్టుల్లో నిలబడబోయే వాళ్లకే కదా.

ఎక్కడా దొరక్కపోతే రచయితకే మెయిల్ పెట్టండి. నేను నాలుగు లైన్లు రాశాను: ఎవరిని, టాపిక్ ఏంటి, ఏ వ్యాసం కావాలి, ఎందుకు. రెండో రోజే పీడీఎఫ్ పంపారు, ఇంకా అచ్చుకాని మరో పేపరు కూడా జత చేసి.